చిత్రకారుని గీత, నేతగాని పేరు

చిత్రకళ చరిత్ర అనగానే, అది గొప్ప చదువులు చదివినవారి సంగతి, పొద్దున లేచి కండెలు చుట్టుకొనే మనకు దానితో ఏమి పని అని మనవారిలో చాలమంది అనుకొనుట సహజము. మేము అట్లు తలచుట లేదు. గత ఐదువందల ఏండ్ల యూరపు చిత్రకళ చరిత్రను తిరగవేసి చూచినచో, దాని పెద్ద మలుపులలో ఎక్కడో ఒకచోట మగ్గము కనబడుచునే యున్నది. గీసినవాని పేరు గ్రంథములకు ఎక్కినది. నేసినవాని పేరు చాలచోట్ల ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదు, ఎక్కినచోట ఎట్లు ఎక్కినది అన్న విషయము మన పిల్లల కూటికి సంబంధించినది. అందుచేత ఆ కథను మన మగ్గము మాటలలో ఇక్కడ చెప్పదలచినాము.

రాఫెల్ గీసినాడు, బ్రస్సెల్సు నేసినది

ఇటలీ దేశములో 15, 16 శతాబ్దములలో చిత్రకళకు, శిల్పమునకు క్రొత్త ప్రాణము పోసిన కాలమును పునరుజ్జీవన యుగమందురు. లియొనార్డో డా విన్సీ, మైకెలాంజెలో, రాఫెల్ ఆ యుగపు పెద్దలు. రోములో పోపు గారి సిస్టైన్ మందిరపు పైకప్పు బొమ్మలు మైకెలాంజెలో వ్రాసినవి. అదే మందిరపు గోడలకు వ్రేలాడదీయు నేత బొమ్మల కొరకు 1515లో పదవ లియో పోపు రాఫెల్ చేత నమూనాలు గీయించినాడు. నిలువెత్తు కాగితములపై రంగులతో గీసిన ఆ నమూనాలు బ్రస్సెల్సు నగరములోని పీటర్ వాన్ ఆల్‌స్ట్ కార్ఖానాకు పోయినవి.

అచ్చటి నేతగాండ్రు ఆ కాగితములను పట్టీలుగా కోసి, పడుగు క్రింద పెట్టుకొని, ఉన్ని, పట్టు, జరీ పోగులతో వెనుకవైపునుండి నేసినారు. వెనుకనుండి నేసినచో ముందువైపున కుడి ఎడమలు తారుమారగునని మనకు వేరుగా చెప్పనక్కరలేదు. కనుక రాఫెల్ తన బొమ్మలను ముందే తిరగవేసి గీయవలసివచ్చినది. అంతటి చిత్రకారుడు కూడ మగ్గము చెప్పినట్లు వినక తప్పలేదు. 1519 డిసెంబరులో మొదటి ఏడు వస్త్రములు మందిరములో వ్రేలాడినవి. రాఫెల్‌కు ముట్టిన సొమ్ముకంటె నేతకు ఎన్నో రెట్లు ఎక్కువ ఖర్చయినది. ఆ నమూనాలలో ఏడు నేటికిని లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో ఉన్నవి. రాఫెల్ పేరు బడిపిల్లలకు కూడ తెలియును. కార్ఖానాదారు పేరు పండితులకు తెలియును. మగ్గము మీద కూర్చున్నవారి పేర్లు చెప్పుకొనువారు లేరు.

ఇంకొక వింత చూడుడు. హోల్బైన్ అనే చిత్రకారుడు 1533లో ఇద్దరు రాయబారుల చిత్రము వ్రాసినాడు. అందులో బల్లమీద పరచిన తివాచీ యొక్కటి యున్నది. తురకదేశపు నేతవారు నేసిన ఒక రకము తివాచీలను నేటికిని 'హోల్బైన్ తివాచీలు' అనియే పిలుచుచున్నారు. హోల్బైన్ ఒక ముడి కూడ వేయలేదు, ఒక పోగు కూడ త్రోయలేదు. బొమ్మలో చూపినందుకు వస్తువే అతని పేర చెల్లుబాటయినది!

నేయుటకు వీలు కాదన్న నేతగాండ్రు

1662లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ కాలమున పారిస్ నగరములో గోబెలిన్ అనే రాచ కార్ఖానా ఏర్పడినది. చార్లెస్ ల బ్రున్ అనే ఆస్థాన చిత్రకారుడు దానికి అధిపతి. అక్కడ చిత్రకారుడు ఆజ్ఞాపించువాడు, నేతగాడు పాటించువాడు. తరువాత స్పెయిను దేశములో గోయా అనే మహా చిత్రకారుడు 1775 నుండి 1792 వరకు మాడ్రిడ్ రాచ కార్ఖానాకు అరువదికి పైగా నమూనాలు గీసినాడు. 1778లో అతడు గీసిన గ్రుడ్డి గాయకుని బొమ్మను చూచి, ఇన్ని మనుషులు, ఇన్ని ఛాయలు నేతకు లొంగవని కార్ఖానావారు వెనుకకు పంపినారు. గోయా దానిని సవరించి ఇచ్చినాడు. ఏది నేయగలమో, ఏది నేయలేమో చెప్పగల తెలివి నేతగానిదే. ఆ తెలివికి కూడ విలువ కట్టవలెను.

మన బందరు బట్ట

అదే కాలములో మన తెలుగు తీరమునుండి ఓడలకెక్కిన బట్ట యూరపు కండ్లను మార్చివేసినది. మచిలీపట్నము ప్రాంతపు కలంకారీ పనివారు బట్టను కరక్కాయ నీటిలో, పాలలో తడిపి, పటికతో గీతలు గీసి, చిరివేరుతో ఎరుపు, మైనము పూసి నీలిమందుతో నీలము పట్టించెడివారు. ఉతికినకొలది రంగు పోవుటకు మారు మెరుగెక్కు బట్టను యూరపువారు అంతకు ముందు ఎరుగరు. పూలచెట్టు బొమ్మగల మంచపు పరదాలు దొరల ఇండ్లలో నిండినవి. తమ నేతవారి పని పోవుచున్నదని ఫ్రాన్సు ప్రభుత్వము 1686 నుండి 1759 వరకు రంగు అచ్చుల నూలుబట్టలను నిషేధించినది. ఇంగ్లండు కూడ 1700లోను, 1721లోను చట్టములు చేసినది. చట్టములు చేయవలసివచ్చినంతటి బట్ట వేసినది తెలుగు చేతులు. అయినను ఆ కలము పట్టినవారి పేర్లు మ్యూజియముల చీటీలలో కనబడవు.

ఫ్రాన్సులో నిషేధము తొలగిన మరుసటి ఏడే, 1760లో, ఓబర్‌కాంఫ్ అనునతడు జూయి అనే ఊరిలో మన పద్ధతిని అనుసరించి అచ్చు కార్ఖానా పెట్టినాడు. ఈ జూయి పేరు జ్ఞాపకముంచుకొనుడు, మరల వచ్చును.

జాకార్డు మన ఇంటివాడే

భవాని పేట్‌లో పుట్టిన పసిపిల్లకు కూడ తెలిసిన పేరు జాకార్డు. జోసెఫ్ మేరీ జాకార్డు 1752లో లియాన్ పట్టణములో నేతపని ఇంట పుట్టినాడు. అతడు 1804 ప్రాంతమున సిద్ధపరచిన యంత్రములో చిల్లుల అట్టలు వరుసగా తిరిగి ఏ పోగు లేవవలెనో చెప్పును. అంతకు ముందు మగ్గముపైన కూర్చుండి త్రాళ్లు లాగు పిల్లల అవసరము దానితో తీరినది. అతడు పోయిన తరువాత 1839లో అతని రూపమునే పట్టుపై నేసినారు. బొన్నెఫాన్ అనే చిత్రకారుడు వ్రాసిన బొమ్మకు 24,000 అట్టలు కొట్టినారు. చూచినవారు అది అచ్చు వేసిన చిత్రమని భ్రమపడినారు. ఆ వస్త్రమునకు చిత్రకారుని పేరుతోపాటు, నేసిన కార్కియా అనువాని పేరు కూడ నిలిచినది. నేతపని చిత్రకళతో సమానమని చూపినప్పుడు పేరు దానంతట అదే వచ్చినది.

మగ్గము నేర్చిన చిత్రకారులు

తరువాత ఇంగ్లండులో మరమగ్గముల సరుకు చవుకై, అందము చెడి, పనివాని చేతికి విలువ పోయిన రోజులలో విలియం మారిస్ (1834–1896) ముందుకు వచ్చినాడు. గీసినవాడు వేరు, చేసినవాడు వేరు అగుటయే ఈ చెడుగునకు మూలమని అతని వాదము. వాదించి ఊరకుండలేదు. లీక్ పట్టణములో రంగుల తొట్టెలలో చేతులు ముంచి అద్దకము నేర్చినాడు. 1879లో తన పడకగదిలోనే మగ్గము పెట్టించి, పుస్తకము చూచి నేర్చుకొని, మొదటి వస్త్రమును 516 గంటలలో నేసినాడు. ఎన్ని గంటలు పట్టినదో లెక్క వ్రాసిపెట్టిన చిత్రకారుడు అతడు! కూలి లెక్క తెలిసిన మనకు ఆ సంఖ్య విలువ తెలియును.

20వ శతాబ్దములో రంగులకు స్వేచ్ఛ నిచ్చిన మహా చిత్రకారుడు ఆన్రీ మతీస్ (1869–1954). అతని పూర్వులు తరతరములుగా ఉత్తర ఫ్రాన్సులో నేతవారు. అతడు పెరిగిన బోయెన్ పట్టణమంతయు నేతయే. చేతిలో డబ్బు లేని రోజులలో కూడ అతడు బట్ట ముక్కలు కొని దాచెడివాడు. ఒక నీలి అచ్చుబట్టను తన చిత్రములలో మరల మరల వేసినాడు. దానిని 'జూయి బట్ట' అనెడివాడు. బందరు నుండి జూయికి, జూయి నుండి మతీస్ గోడమీదికి ఆ పూలతీగ పాకినదని చెప్పిన అతిశయోక్తి కాదు.

1919లో జర్మనీలోని వైమార్ నగరములో బౌహౌస్ అనే కళాశాల తెరచినారు. అక్కడ చేరిన స్త్రీలను ఎక్కువగా నేతశాలకే పంపినారు. చిన్నచూపుతో పంపిన ఆ శాలయే ఆ కళాశాలకు కీర్తి తెచ్చినవానిలో ఒకటైనది. గుంటా ష్టెల్‌ట్సుల్ అనే ఆమె 1927లో నేతశాలకు అధిపతి యైనది. పాల్ క్లే వంటి చిత్రకారుడు నేత విద్యార్థులకు పాఠములు చెప్పినాడు. అక్కడ చదివిన ఆనీ ఆల్బర్స్ నూలు, సెల్లోఫేన్ కలిపి, చప్పుడును మ్రింగి వెలుతురును తిప్పికొట్టు గోడబట్ట నేసి పట్టా పొందినది. 1933లో నాజీల కాలమున కళాశాల మూతపడగా ఆమె అమెరికా వెళ్లినది. 1949లో న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియము ఆమె నేతకే ప్రత్యేక ప్రదర్శన పెట్టినది. ఒక నేతపని మనిషికి అక్కడ అట్టి గౌరవము దక్కుట అదే మొదలు.

మన దేశములో

స్వాతంత్ర్యము తరువాత మన దేశములోను ఈ పొత్తు కుదిరినది. 1950ల మధ్యనుండి ప్రభుత్వము వీవర్స్ సర్వీస్ సెంటర్లను నెలకొల్పి, పుపుల్ జయకర్ గారి చొరవతో యువ చిత్రకారులను వానిలో నియమించినది. కె.జి. సుబ్రహ్మణ్యన్ గారు 1959–61లో బొంబాయిలో చేనేత బోర్డు డిజైను విభాగమున పనిచేసినారు. ప్రభాకర్ బర్వే 1961–65లో కాశీ సెంటరులో ఉన్నారు. అర్పితా సింగ్, మను పరేఖ్ కూడ ఈ సెంటర్లలో పనిచేసి తరువాత దేశమంతట పేరు పొందినారు. వారికి మగ్గము జీతమిచ్చినది, చూపు నిచ్చినది. అయితే వారి పేర్లు గ్యాలరీలకెక్కినవి గాని, వారి నమూనాలు నేసినవారి పేర్లు ఎక్కలేదు.

మార్గము లేదా? ఉన్నదని పుట్టపాక చూపినది. ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఆ ఊరి గజం గోవర్ధన గారికి 2011లోను, గజం అంజయ్య గారికి 2013లోను పద్మశ్రీ వచ్చినది. చిటికి కట్టి రంగు వేయు పనిలో బొమ్మను మగ్గమెక్కక ముందే పోగుమీద లెక్క కట్టవలెను. గీసిన తల, నేసిన చేయి ఒకే ఇంటివి. అందుచేతనే పేరు ఆ ఇంటికే వచ్చినది.

మన సంగతి

ఇక భవాని పేట్ మాట. తెలంగాణమునుండి వచ్చి షోలాపురములో స్థిరపడిన మన పెద్దలు మగ్గము నమ్ముకొని, ఇంట ఆడవారు బీడీలు చుట్టి, పిల్లలను పెంచినారు. ఇచ్చటి జాకార్డు చద్దరు, తువ్వాలు 2005–06లో భౌగోళిక గుర్తింపు పొందినవి. మహారాష్ట్రలో ఆ గౌరవమునకు మొదట నోచుకొన్నవి ఇవియే. నాయకుల, దేవతల రూపములతో గోడ వస్త్రములు నేయగల చేతులు మనలో ఉన్నవి. కాని ఒక సంగతి గమనించవలెను. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడును, నమూనాను కాపాడదు. ఇచ్చట ఒక క్రొత్త నెమలి అంచు బజారునకు వచ్చిన కొద్ది రోజులలోనే వేరు ఊళ్ల మరమగ్గములు దానిని చవుక నూలులో దింపుచున్నవి. గీసినవానికి ఒకసారి కూలి, నేసినవానికి గజముల లెక్క, ఆపైన ఏమియు లేదు.

దీనికి ఉపాయము చట్టములోనే కొంత కలదు. 2000 సంవత్సరపు డిజైన్ల చట్టము ప్రకారము క్రొత్త నమూనాను రిజిస్టరు చేయించినచో 10 ఏండ్లు, మరల పొడిగించుకొన్నచో ఇంకొక 5 ఏండ్లు దానిపై హక్కుండును. అయితే నమూనా బజారునకు విడువక ముందే దరఖాస్తు చేయవలెను. ఒకసారి అందరు చూచిన తరువాత క్రొత్తదనము పోయినట్లే లెక్క.

కనుక మేము సభ్యులకు మూడు మాటలు మనవి చేయుచున్నాము. మొదటిది, ఏ ఇంట క్రొత్త బొమ్మ పుట్టినను, దాని గ్రాఫు కాగితముపై తేదీ, గీసినవారి పేరు, నేసినవారి పేరు వ్రాసి ఒక ప్రతిని సంఘములో దాచుడు. పనికివచ్చు నమూనాలకు దరఖాస్తు వ్రాయుటలో సంఘము తోడ్పడును. రెండవది, గోడ వస్త్రము నేసినప్పుడు అంచులో నేసినవారి పేరు పొడి అక్షరములైనను నేయుడు. కొనువారు వద్దనరు, పేరున్న వస్తువుకు బేరము తగ్గదు. మూడవది, బడికి పోవు పిల్లల చేత బొమ్మలు గీయించుడు. ఆడపిల్ల గీసినచో మరింత సంతోషించుడు. గ్రాఫు గడులు నింపుట కంప్యూటరు తెరమీద నేర్చినను మంచిదే, కాని పోగు ఎక్కడ లొంగును, ఎక్కడ లొంగదు అన్నది మగ్గము ప్రక్కన పెరిగిన పిల్లకు తెలిసినట్లు బయటివారికి తెలియదు. గోయాను కూడ సవరించుకొమ్మనిన తెలివి అదియే.

ఐదువందల ఏండ్లుగా చిత్రకళ మన వృత్తివారి చేతులను వాడుకొన్నది. చేతితోపాటు గీత కూడ మనదని చూపినచోటనెల్ల పేరు మన వృత్తికే వచ్చినది. వచ్చే నెల సమావేశమునకు సభ్యులు తమ ఇంటనున్న పాత గ్రాఫులు, అట్టల జాబితాలు తీసికొని రాగలరని, ఆ పనిని అక్కడనే ప్రారంభింపవచ్చునని మనవి.