తొందరపడని గాలి

కరెంటు పోయింది. ట్యూబ్‌లైటు ఆరింది, సీలింగ్ ఫ్యాను మూలుగుతూ ఆగింది. యూపీఎస్ పుణ్యమా అని కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంది. అప్పుడు వినబడింది బల్ల కింద నుంచి ఒక హోరు. కుక్కర్ కూత పెట్టబోయే ముందు కొట్టే బుసలాంటిది. నాలుగేళ్లుగా ఆ చప్పుడు ఆ గదిలోనే ఉంది. పైనున్న ఫ్యాను దాన్ని కప్పిపెట్టింది, అంతే. ఒకసారి చెవిన పడ్డాక ఇక వదల్లేదు.

క్యాబినెట్ మూత తీసి చూస్తే దోషి దొరికాడు. ప్రాసెసర్ నెత్తిన కూర్చున్న అరచేతిలో పట్టేంత ఫ్యాను. చప్పుడు చేయని ఫ్యాను ఇంకోటి తెచ్చి బిగిస్తే సరిపోతుందనుకున్నాను. ఆ ఆలోచన సగమే నిజం. అసలు ఆ ఫ్యాను అక్కడికెలా వచ్చిందో తెలుసుకుంటే మిగతా సగం అర్థమవుతుంది.

ప్రాసెసర్ మనకు లెక్కలు చేసే యంత్రం. కరెంటు మీటరుకు మాత్రం అదొక హీటరు. ట్రాన్సిస్టర్ వెలిగి ఆరిన ప్రతిసారీ కాస్త కరెంటు వేడిగా మారుతుంది. లోపలికి వెళ్లిన ప్రతి వాటూ చివరికి వేడిగానే బయటికి రావాలి. 1946లో అమెరికా లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌లో దాదాపు 18,000 వాల్వులుండేవి. అది సుమారు 150 కిలోవాట్లు మింగేది. దాన్ని చల్లబరచడానికే పెద్ద పెద్ద బ్లోయర్లు పెట్టారు. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లు. ఒక వాటు దాకా కూడా వెళ్లేది కాదు కాబట్టి దానికి ఏ ఏర్పాటూ అక్కర్లేకపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇళ్లలోని ప్రాసెసర్లు నెత్తిన ఏమీ లేకుండానే పనిచేశాయి. 486 చిప్పుల్లో వేగమైనవాటికి చిన్న లోహపు పళ్ల బిళ్ల, అంటే హీట్‌సింక్, అంటించడం మొదలైంది. 1993లో పెంటియమ్ వచ్చింది. మొదటి రకాలు 5 వోల్టుల మీద నడిచి దాదాపు 15 వాట్ల వేడి పుట్టించేవి. ఆ బిళ్లకు ఇక ఊపిరి చాలలేదు. దాని మీద ఫ్యాను ఎక్కింది. ఇంటి కంప్యూటర్‌కు హోరు అలా అలవాటైంది.

తర్వాత పదేళ్లూ పరుగే. ట్రాన్సిస్టర్ చిన్నదైన కొద్దీ అది తినే కరెంటూ అదే లెక్కన తగ్గుతుందని, అందువల్ల ఎన్ని ఇరికించినా చిప్పు మీద చదరపు సెంటీమీటరుకు పుట్టే వేడి పెరగదని 1974లో ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్ బృందం చూపించింది. ఆ సూత్రం చాలాకాలం కాపాడింది. కానీ ట్రాన్సిస్టర్లు మరీ సన్నబడేసరికి, కట్టేసిన కుళాయి కారినట్టు, ఆగి ఉన్నప్పుడూ వాటిలోంచి కరెంటు కారడం మొదలైంది. 2004లో వచ్చిన ప్రెస్కాట్ రకం పెంటియమ్ 4 చిప్పు వైశాల్యం 112 చదరపు మిల్లీమీటర్లు, మన బొటనవేలి గోరంత. వాటిలో వేగమైనవి 115 వాట్లు పుట్టించాయి. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 వాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె అడుగున చదరపు సెంటీమీటరుకు పది వాట్లు కూడా ఉండవు. ఆ ఏడాదే ఇంటెల్ దాని తర్వాతి చిప్పును మధ్యలోనే వదిలేసి దారి మార్చుకుంది. 2006లో వచ్చిన కోర్ 2 డ్యూయో 65 వాట్లతో సరిపెట్టుకుంది. వేడి ముందు వేగం తలవంచిన కాలమది.

ఇక చప్పుడు సంగతి. ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి కూడా సగమవుతుంది. చప్పుడు మాత్రం సగంతో ఆగదు, ఇంచుమించు 15 డెసిబెల్స్ పడిపోతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే చెవికి చప్పుడు సగమైనట్టుంటుంది. కాబట్టి ఇది దాదాపు మూడో వంతుకు దిగినట్టు. వేగం మీద గాలి ఒక మెట్టు ఎక్కితే చప్పుడు అయిదు మెట్లు ఎక్కుతుంది. ఫ్యాను వెడల్పు పెంచితే ఇంకో లాభం ఉంది. ఒకే ఆకారంలో చేసిన 80 మిల్లీమీటర్ల ఫ్యాను, 120 మిల్లీమీటర్ల ఫ్యాను తీసుకుంటే, పెద్దది ఒక్క చుట్టుకు మూడు రెట్లకు పైగా గాలి తోస్తుంది. చెంబుతో తొట్టి నింపేవాడు పరుగులు తీయాలి. బిందెతో నింపేవాడు నింపాదిగా నడవొచ్చు. నీళ్లు అవే, రొప్పు మాత్రం చెంబువాడిదే.

మరి పెద్ద ఫ్యాను పెట్టేస్తే సరిపోదా? సరిపోదు. గోరంత చిప్పు వేడిని ఆ గాలి వీచే మేర అంతటా పరచగలగాలి. పెద్ద రాగి దిమ్మ పెడితే బరువు, పైగా వేడి దాని అంచులు చేరేలోపే నీరసిస్తుంది. ఈ ముడిని విప్పింది హీట్‌పైపు. జనరల్ మోటార్స్ ఇంజినీరు రిచర్డ్ గాగ్లర్‌కు 1944లోనే దీని మీద పేటెంట్ వచ్చింది. ఆయన మనసులో ఉన్నది ఫ్రిజ్. ఎవరూ పట్టించుకోలేదు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అంతరిక్ష అవసరాల కోసం దాన్ని మళ్లీ కనిపెట్టి, ఆ పేరు పెట్టాడు.

చూడ్డానికి అది చిటికెనవేలికన్నా సన్నటి రాగి గొట్టం. రెండు వైపులా మూసేసి ఉంటుంది. లోపల గాలి తీసేసి, చెంచాడు కూడా ఉండని నీళ్లు పోస్తారు. గాలి ఒత్తిడి లేదు కాబట్టి ఆ నీళ్లు ఆవిరి కావడానికి వంద డిగ్రీలు అక్కర్లేదు. చిప్పు దగ్గర గోరువెచ్చనైతే చాలు. ఆవిరి వేడిని మోసుకుంటూ చల్లని కొసకు పరుగెత్తి, అక్కడ దాన్ని దించేసి మళ్లీ నీరవుతుంది. ఆ నీళ్లు వెనక్కెలా వస్తాయి? గొట్టం లోపలి గోడకు రాగి పొడిని కాల్చి అతికిస్తారు. దీపం వత్తి ప్రమిదలోని నూనెను పైకి పీల్చినట్టు, ఆ పొర నీళ్లను చిప్పు దగ్గరికి పీల్చుకొస్తుంది. మోటారు లేదు, కదిలే ముక్క లేదు. అందుకే చప్పుడూ లేదు.

ఉపగ్రహాల్లో ఆరితేరాక అది ల్యాప్‌టాప్‌లకు, అక్కడి నుంచి బల్ల కింది కంప్యూటర్లకు వచ్చింది. నాలుగైదు గొట్టాలు నిలబెట్టి, వాటికి పదుల కొద్దీ పలచటి అల్యూమినియం రేకులు గుచ్చి, పక్కన ఒక పెద్ద ఫ్యాను తగిలిస్తే అదే టవర్ కూలర్. చప్పుడు తగ్గించడమే వృత్తిగా పెట్టుకున్న కంపెనీలూ పుట్టాయి. 2005లో ఆస్ట్రియాలో మొదలైన నాక్టువా గుడ్లగూబను గుర్తుగా పెట్టుకుంది. మన ఊళ్లలో ఇంటి మీద వాలితే శాంతి చేయించే పక్షి, ఫ్యాన్లు చేసేవాళ్లకు గురువైంది. దాని రెక్క ముందంచున ఈకలు దువ్వెన పళ్లలా ఉంటాయి. అవి గాలిని చిన్న చిన్న పాయలుగా విడదీయడం వల్ల రాత్రి దాని రాక ఎలుకకు వినబడదు.

ఇంత కథా తెలిశాక కొనడం తేలికైంది. డబ్బు పెట్టాల్సింది ఫ్యాను మీద కన్నా లోహం మీద. రేకులు ఎక్కువుంటే గాలి తొందరపడక్కర్లేదు.

ముందు ప్రాసెసర్ వాట్లు చూసుకోవాలి. డబ్బా మీది అంకె ఒక్కటే చాలదు. 65 వాట్లని రాసి ఉన్న కోర్ ఐ5-12400 వేగం అందుకున్నప్పుడు 117 వాట్ల దాకా వెళ్తుంది. తర్వాత కూలర్ ఎత్తు ఇముడుతుందో లేదో టేపు పట్టుకుని క్యాబినెట్ వెడల్పు కొలవాలి. నాక్టువా ఎన్‌హెచ్-డి15 ఎత్తు 165 మిల్లీమీటర్లు, ఫ్యాన్లతో కలిపి బరువు 1,320 గ్రాములు. కొనేశాక తలుపు మూసుకోకపోతే కొట్టువాడిని అని లాభం లేదు. మూడోది మన ఎండాకాలం. ఏ ఫ్యానూ చిప్పును గది కన్నా చల్లగా చేయలేదు. పాతిక డిగ్రీల గదిలో 65 చూపించే కూలర్, మే నెలలో నలభై డిగ్రీల గదిలో అదే వేగంతో 80 చూపిస్తుంది. కాబట్టి మనకు కాస్త పెద్దదే మేలు. నీళ్లతో చల్లబరిచేవీ ఉన్నాయి. వాటి నీళ్లనైనా చివరికి చల్లార్చాల్సింది ఫ్యాన్లే, పైగా పంపు చప్పుడు అదనం.

నేనొక 120 మిల్లీమీటర్ల టవర్ తెచ్చుకున్నాను. శెనగగింజంత పేస్టు పెట్టి బిగించాను. లోహానికీ లోహానికీ మధ్య కంటికి కనబడని గుంటల్లో గాలి ఉంటుంది. వేడిని మోయడంలో గాలి రాగి ముందు పదిహేను వేల వంతు. ఆ గుంటలు పూడ్చడానికే పేస్టు. ఆన్ చేస్తే నిమిషంలో 95 డిగ్రీలు, ఫ్యాను గగ్గోలు! విప్పి చూస్తే కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. తీయమని దాని మీదే రాసి ఉంది కూడా. ఇంత చదివినవాడిని ఆ చిన్న మాట చదవలేదు.

పొర పీకి, పేస్టు తుడిచి మళ్లీ పెట్టాను. ఫ్యానుకు నాలుగు తీగలుంటే అందులో ఒకటి వేగాన్ని నిర్దేశించే తీగ. సెకనుకు పాతికవేల సార్లు కరెంటును ఆన్-ఆఫ్ చేసి ఎంత తిరగాలో ఆజ్ఞాపిస్తుంది. ఆ కంపనం మన చెవికి అందే 20,000కు పైనే కాబట్టి వినబడదు. కంప్యూటర్ సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి, అరవై డిగ్రీల దాకా నెమ్మదిగానే తిరగమని, ఆ పైన మెల్లగా పెంచమని చెప్పాను. ఒకే శ్రుతిలో సాగే చప్పుడును చెవి మరిచిపోతుంది. పెరుగుతూ తగ్గుతూ ఉండేదాన్ని మాత్రం మరవదు. ఆరు నెలలకోసారి బ్రష్షుతో దుమ్ము దులపడం మిగిలిన పని. రేకుల మధ్య దుమ్ము పేరుకుంటే ఎంత మంచి ఫ్యానైనా మళ్లీ పరుగందుకుంటుంది.

మొన్న మళ్లీ కరెంటు పోయింది. సీలింగ్ ఫ్యాను ఆగింది. కంప్యూటర్ నడుస్తోందో లేదో తెలియక బల్ల కిందికి వంగి చూశాను. ఫ్యాను తిరుగుతోంది, రెక్కలు విడివిడిగా లెక్కపెట్టేయొచ్చేమో అన్నంత తీరిగ్గా. కాసేపు అలాగే ఉండి విన్నాను. పవర్ సప్లై లోపలి నుంచి సన్నగా ఇంకో హోరు వస్తోంది. ఇన్నాళ్లూ అదీ అక్కడే ఉంది.