కంప్యూటర్‌కు హై-ఫై స్పీకర్లు పెడుతున్నారా..? డబ్బులు ఇచ్చే ముందు వెనకవైపు ఒక్కసారి చూడండి

చాలా ఇళ్లలో అటక మీద ఓ పాత మ్యూజిక్ సిస్టమ్ ఉంటుంది. క్యాసెట్ ప్లేయర్ ఎప్పుడో మూలన పడింది, సీడీలు తిరగడం మానేశాయి. దాంతో వచ్చిన జత స్పీకర్లు మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నాయి. మరోవైపు పిల్లల చదువు కోసం కొన్న డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. రెండూ కలిపితే పాటలు, సినిమాలు, క్లాసు వీడియోలు బ్రహ్మాండంగా వినొచ్చు కదా అనిపిస్తుంది. వెంటనే స్పీకర్ వైర్లకు ఒక హెడ్‌ఫోన్ పిన్ అతికించి, కంప్యూటర్ వెనకున్న ఆకుపచ్చ రంధ్రంలో పెట్టేస్తారు. తీరా చూస్తే.. చెవి ఆనిస్తే తప్ప వినపడనంత సౌండ్. స్పీకర్లు పోయాయనుకుని తుక్కు బండికి వేసేస్తారు. నిజానికి వాటికి ఏమీ కాలేదు!

జనగామ లాంటి ఊళ్లో ఈ పొరపాటు ఇంకాస్త ఖరీదు. ఆడియో సామాను నాలుగు రకాలు చూసి కొనాలంటే సికింద్రాబాద్ రైలెక్కి, అక్కడి నుంచి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాలి. ఒకవైపే సుమారు 85 కిలోమీటర్లు. సరిపడని వస్తువు తెచ్చుకుంటే మార్చుకోవడానికి మళ్లీ అంతే దూరం. అందుకే బయలుదేరే ముందే కొన్ని విషయాలు తెలుసుకోవాలి. అవేంటో చూద్దాం..

సౌండ్ ఎందుకు రాదు..?

కంప్యూటర్ ఆకుపచ్చ జాక్ నుంచి వచ్చేది సిగ్నల్ మాత్రమే, పవర్ కాదు. హెడ్‌ఫోన్‌కు వాట్‌లో వెయ్యో వంతు, రెండు వేల వంతులు చాలు. కానీ 4 లేదా 8 ఓమ్స్ స్పీకర్‌లోని కోన్‌ను కదిలించాలంటే వాట్లలో పవర్ కావాలి. ఇంటి నల్లాకు స్ప్రింక్లర్ తగిలించినట్టే ఇది. నీళ్లు ఉన్నాయి కానీ వెనక నుంచి తోసే మోటార్ లేదు. ఆడియోలో ఆ మోటార్ పేరే ఆంప్లిఫైయర్.

ముందు ఏ రకమో తేల్చుకోండి

బుక్‌షెల్ఫ్ స్పీకర్లు రెండు రకాలు. వెనకవైపు ఎరుపు, నలుపు టెర్మినళ్లు మాత్రమే ఉండి కరెంటు వైరు లేకపోతే అవి ప్యాసివ్ స్పీకర్లు. పాత మ్యూజిక్ సిస్టమ్‌లతో వచ్చినవి ఎక్కువగా ఇవే. వీటికి బయట నుంచి ఆంప్లిఫైయర్ తప్పనిసరి.

కరెంటు వైరు, వాల్యూమ్ నాబ్, సిగ్నల్ ఇన్‌పుట్ ఉంటే అవి యాక్టివ్ లేదా పవర్డ్ స్పీకర్లు. ఆంప్లిఫైయర్ లోపలే ఉంటుంది. సాధారణంగా ఒక పెట్టెలోనే ఉంటుంది, రెండో పెట్టెకు అక్కడి నుంచి వైరు వెళ్తుంది. వీటికి విడిగా ఆంప్లిఫైయర్ కొంటే డబ్బు దండగే. పైగా ఆంప్లిఫైయర్ స్పీకర్ అవుట్‌పుట్‌ను వీటి ఇన్‌పుట్‌లో పెడితే లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు.

కనెక్షన్ ఇలా..

యాక్టివ్ స్పీకర్లైతే ఒకవైపు 3.5 ఎంఎం పిన్, మరోవైపు ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ పిన్నులు ఉన్న కేబుల్ చాలు. ఎరుపు కుడివైపు, తెలుపు ఎడమవైపు.

ప్యాసివ్ స్పీకర్లైతే అదే కేబుల్ కంప్యూటర్ నుంచి ఆంప్లిఫైయర్ ఇన్‌పుట్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి ఒక్కో స్పీకర్‌కు రెండు వైర్లు. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే బిగించాలి. ఒక స్పీకర్‌కు తిరగేసి పెడితే ఏమీ కాలిపోదు కానీ బేస్ చచ్చిపోతుంది. వైరు పోగు ఒక్కటి బయటికి వచ్చి పక్క టెర్మినల్‌కు తగిలినా షార్ట్ అవుతుంది. చిన్న డిజిటల్ ఆంప్లిఫైయర్లలో రెండు స్పీకర్ల నలుపు వైర్లను ఒకటిగా కలపకూడదు. ఇవన్నీ కరెంటు తీసేసిన తర్వాతే చేయాలి. ఆన్ చేసేటప్పుడు వాల్యూమ్ సున్నాలో ఉంచి మెల్లగా పెంచాలి. అయినా సౌండ్ రాకపోతే కంప్యూటర్ సౌండ్ సెట్టింగ్స్‌లో సరైన అవుట్‌పుట్ ఎంచుకున్నారో లేదో చూసుకోవాలి.

డబ్బా మీద వాట్లు నమ్మొద్దు!

ఇక్కడే చాలామంది మోసపోతారు. డబ్బా మీద 1000 వాట్స్ పీఎంపీఓ అని పెద్ద అక్షరాలు ఉంటాయి. ఆ అంకెకు ఒక కచ్చితమైన కొలత అంటూ లేదు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు. ఇంకా సులువైన దారి.. అడాప్టర్ తిప్పి చూడటమే. దాని మీద 12 వోల్ట్స్, 2 ఆంప్స్ అని ఉంటే మొత్తం 24 వాట్లే. అంతకు మించి ఆంప్లిఫైయర్ ఎక్కడి నుంచి తెస్తుంది?

ఆన్‌లైన్‌లో దొరికే చిన్న ఆంప్లిఫైయర్లలో చాలా వాటిలో ఉండే టీపీఏ3116 చిప్‌నే తీసుకుంటే.. ఛానల్‌కు 50 వాట్లు అన్నది 21 వోల్ట్స్ సప్లై, 4 ఓమ్స్ స్పీకర్ ఉన్నప్పటి మాట. అదే చిప్‌కు 12 వోల్ట్స్ అడాప్టర్ పెట్టి 8 ఓమ్స్ స్పీకర్ తగిలిస్తే, సౌండ్ పగలకుండా వచ్చేది 9 వాట్ల లోపే. అయితే కంగారు అక్కర్లేదు. బల్ల మీద రెండు మూడడుగుల దూరంలో కూర్చుని వినేవారికి అదే ఎక్కువ. 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ ఒక్క వాట్‌కే మీటర్ దూరంలో 86 డెసిబెల్స్ ఇస్తుంది. మామూలుగా మాట్లాడుకునే గొంతు 60 డెసిబెల్స్ దగ్గరే ఉంటుంది. వాల్యూమ్ చివరిదాకా తిప్పి, సౌండ్ చిరిగినట్టు వస్తున్నా అలాగే ఉంచితేనే ట్వీటర్ కాలిపోయే ప్రమాదం.

ఓమ్స్ చూడకపోతే ఆంప్లిఫైయర్ గోవిందా

స్పీకర్ వెనక 4, 6 లేదా 8 ఓమ్స్ అని రాసి ఉంటుంది. చెరిగిపోతే మల్టీమీటర్ పెడితే తెలుస్తుంది. 8 ఓమ్స్ స్పీకర్ దాదాపు 6 నుంచి 7 వరకు, 4 ఓమ్స్ స్పీకర్ 3 నుంచి 3.5 వరకు చూపిస్తుంది. ఆంప్లిఫైయర్ కనిష్ఠం 4 ఓమ్స్ అంటే, ఒకే ఛానల్‌కు రెండు 4 ఓమ్స్ స్పీకర్లు పక్కపక్కన కలపకూడదు. అవి 2 ఓమ్స్‌గా మారి ఆంప్లిఫైయర్ మీద భారం పడుతుంది.

ఊళ్లలో ఇంకో అలవాటు ఉంది. ఇంట్లో మూలన పడి ఉన్న మైక్ సెట్ ఆంప్లిఫైయర్‌కే ఈ స్పీకర్లు తగిలిస్తారు. వాటి వెనక 4, 8, 16 ఓమ్స్‌తో పాటు 70 వోల్ట్స్, 100 వోల్ట్స్ అని రాసిన టెర్మినళ్లు ఉంటాయి. అవి దూరంగా కట్టే హారన్ల కోసం. ఇంటి స్పీకర్‌ను పొరపాటున అక్కడ బిగిస్తే స్పీకర్ గానీ, ఆంప్లిఫైయర్ గానీ దెబ్బతింటుంది. పైగా మైక్ సెట్‌ది మోనో సౌండ్, స్టీరియో రాదు.

గుయ్‌మని మోత వస్తుంటే..?

కంప్యూటర్, ఆంప్లిఫైయర్ వేర్వేరు ప్లగ్గుల్లో ఉంటే ఎర్త్ తేడా వల్ల హమ్ వస్తుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెట్టి చూడాలి. మౌస్ కదిపినప్పుడు చిటపట వినిపిస్తే అది కంప్యూటర్ లోపలి నాయిస్. యూఎస్‌బీ డాక్ అనే చిన్న పరికరం పెడితే చాలాసార్లు తగ్గుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచినప్పుడే మోత వస్తుంటే, అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కావచ్చు. తప్పు స్పీకర్లది కాదు. ఒక్క మాట.. మోత పోతుందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయొద్దు. అది ప్రాణాలు కాపాడే పిన్.

చివరగా..

పాత స్పీకర్ల జాలీ తీసి చూడండి. కోన్ చుట్టూ ఉండే ఫోమ్ ముట్టుకోగానే పొడిగా రాలిపోతుంటే ముందు రిపేర్ అవసరం. బాగుంటే మానిటర్‌కు అటూ ఇటూ, ట్వీటర్ చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టుకోవాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, కూర్చునే మనిషికీ అంతే దూరం ఉంటే స్టీరియో బాగా తెలుస్తుంది. గోడకు ఆనించకూడదు.

కొనడానికి వెళ్లేటప్పుడు మాత్రం స్పీకర్ వెనకవైపు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకెళ్లండి. ఏ రకం, ఎన్ని ఓమ్స్, ఎన్ని వాట్స్ అన్నది అందులోనే ఉంటుంది. ఆ ఫొటో చూపిస్తే షాపువాళ్లు సరైన ఆంప్లిఫైయరే ఇస్తారు, రెండో ట్రిప్ కూడా తప్పుతుంది.