పంటి పాచిలో దోషుల వేట

మనిషి నోటిలో నివసించే బాక్టీరియా జాతులు సుమారు 700 వరకు ఉన్నాయని అంచనా. పళ్లు పుచ్చడానికి, చిగుళ్లు చెడడానికి ముఖ్య కారకాలు వీటిలో కొన్నే. అవేవో తేల్చడానికి వందేళ్లకు పైగా పట్టింది.

పుచ్చు సంగతి కాస్త సులువు. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విలోబీ మిల్లర్ 1890లో దీన్ని వివరించాడు. నోటి బాక్టీరియా పిండి, చక్కెర పదార్థాలను పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లం ఎనామిల్‌ను కరిగిస్తుంది. పంటి మీద పిహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఈ కరుగుదల మొదలవుతుంది. 1924లో కిలియన్ క్లార్క్ లండన్‌లో పిప్పిపళ్ల నుంచి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్‌ను వేరుచేశాడు. చక్కెరను జిగురుగా మార్చుకుని పంటికి అంటుకుపోయే ఈ బాక్టీరియాను దశాబ్దాలపాటు ఎవరూ పట్టించుకోలేదు. పుచ్చు గుంతల్లో లాక్టోబాసిల్లస్ విరివిగా దొరికేది కనుక తప్పంతా దానిదే అనుకున్నారు, ఉమ్మిలో దాన్ని లెక్కపెట్టే పరీక్షలూ నడిపారు. 1960లో కీస్, ఫిట్జ్‌జెరాల్డ్ చిట్టెలుకల వంటి హామ్‌స్టర్ల మీద చేసిన ప్రయోగాలతో దృష్టి మళ్లీ స్ట్రెప్టోకాకస్ వైపు తిరిగింది. ఎక్కువగా దొరికినదే దోషి అనే ఊహ అప్పుడు ఒకసారి దెబ్బతింది. చిగుళ్ల దగ్గర అది పూర్తిగా కూలిపోయింది.

1965లో డెన్మార్క్‌లో హారాల్డ్ లో అనే పరిశోధకుడు 12 మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించాడు. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. తోమడం మళ్లీ మొదలుపెట్టాక వాపు తగ్గింది. పాచే కారణమని దీంతో రుజువైంది గాని, పాచిలో ఎవరు కారణమో తేలలేదు. 1998లో బోస్టన్‌లోని ఫోర్సిత్ సంస్థలో సిగ్మండ్ సొక్రాన్‌స్కీ బృందం వేలాది పాచి నమూనాల డిఎన్‌ఏను పరీక్షించింది. చిగురుకీ పంటికీ మధ్య ఏర్పడే లోతైన సంచుల్లో మూడు జాతులు కలిసే కనిపించాయి: పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానరెల్లా ఫోర్సిథియా, ట్రెపోనెమా డెంటికోలా. ఈ గుంపుకు ఎరుపు రంగు కేటాయించారు.

మూడింటిలో అబ్బురపరిచేది జింజివాలిస్. ఆక్సిజన్ లేని పెట్టెలో, రక్తం కలిపిన మాధ్యమం మీద పెంచితే దాని చుక్కలు మొదట లేత రంగులో ఉండి, రోజులు గడిచేకొద్దీ నల్లబడతాయి. రక్తంలోని ఇనుముండే పదార్థమైన హీమ్‌ను అది తన ఒంటి మీద పేర్చుకోవడమే ఆ నలుపుకు కారణం. దానికి చక్కెర అక్కరలేదు. ప్రోటీన్ ముక్కలు, హీమ్ దాని తిండి. అవి పుష్కలంగా దొరకాలంటే చిగురు వాచి, రక్తం, ద్రవం ఊరుతూ ఉండాలి. మామూలుగా వాపు అంటే బాక్టీరియాను చంపడానికి శరీరం చేసే దాడి. జింజివాలిస్‌కు వాపు కావాలి, చావు అక్కరలేదు. ఈ రెండింటినీ విడదీసే ఉపాయం దాని దగ్గరుంది. జింజిపైన్‌లు అనే ఎంజైములతో అది రక్తంలోని సి5 ప్రోటీన్‌ను కోస్తుంది. అలా విడుదలైన సి5ఎ తెల్లకణాలను రప్పిస్తుంది. అదే సమయంలో జింజివాలిస్ ఆ కణాల మీద సి5ఎ గ్రాహకంతో పాటు మరో గ్రాహకాన్ని కూడా కదిపి, వచ్చినవాటి చంపే శక్తిని అణచివేస్తుంది. వాపు సాగుతుంది, బాక్టీరియా బతుకుతుంది. ఆ రక్షణలో పక్కనున్న మామూలు జాతులూ విపరీతంగా పెరుగుతాయి. ఎముకను అరగదీసేది వీటన్నిటి ఉమ్మడి వాపు.

2011లో జార్జ్ హాజిషెంగాలిస్ బృందం ఎలుకల్లో చూపింది ఇదే. మొత్తం బాక్టీరియాలో 0.01 శాతం కంటే తక్కువగా ఉన్నా జింజివాలిస్ దవడ ఎముకను పోగొట్టగలిగింది. సూక్ష్మజీవులే లేని ఎలుకల నోటిలో దాన్ని ఒంటరిగా వేస్తే, అది అక్కడ స్థిరపడింది గాని ఎముక చెక్కుచెదరలేదు. తలలు లెక్కపెట్టే ఏ పద్ధతికీ ఇలాంటి దోషి చిక్కదు.

ఇప్పుడు పాచి నమూనాను పిసిఆర్ పరీక్షకు పంపి జాతుల పేర్లు తెప్పించుకునే వీలుంది. కాగితపు పుల్లను చిగురు సందులోకి దింపి నమూనా తీస్తారు. అయితే ఆరోగ్యంగా ఉన్నవారి నోటిలోనూ జింజివాలిస్ కనిపిస్తుంది కాబట్టి, ఆ రిపోర్టు ఒక్కదానితో రోగం తేలదు. చిగురు సంచి లోతును ప్రోబ్‌తో మిల్లీమీటర్లలో కొలవాలి, ఎక్స్‌రేలో ఎముక చూడాలి. పేరు ఏది వచ్చినా మొదటి చికిత్స చాలామందికి ఒకటే, గార తీయించి వేర్ల దాకా శుభ్రం చేయించడం. అలాంటప్పుడు అందరికీ ఈ పరీక్ష రాయడం రోగికి డబ్బు దండగ.