ఆరుబయట దీపాలంకరణ పెట్టెలకు జలరక్షణ

ఆరుబయట దీపాలంకరణ పెట్టెలకు జలరక్షణ అనగా పండుగలకు ఇంటివారు స్వయంగా అమర్చుకునే విద్యుద్దీపాల పరికరాలను ఉంచే ప్లాస్టిక్ పెట్టెలలోనికి నీరు చేరకుండా చేసే విధానం. సీరియల్ సెట్లకు, ఎల్.ఇ.డి. పట్టీలకు కావలసిన అడాప్టరు, కంట్రోలరు, వైర్ల అతుకులు ఈ పెట్టెలలో ఉంటాయి. నీరు చేరినచో దీపాలు ఆరిపోవడమే గాక, 230 వోల్టుల విద్యుత్తు తడిసిన ఇనుప స్తంభాలకు, రేకులకు ప్రవహించి ప్రాణాపాయం కలుగవచ్చును.

నేపథ్యం

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూర్ పట్టణం పసుపు పంటకు పేరొందిన ప్రాంతంలో ఉన్నది. ఇక్కడి వర్షపాతంలో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వలన కురుస్తుంది. వినాయక చవితి భాద్రపద మాసంలో, అనగా సాధారణంగా ఆగస్టు చివర లేక సెప్టెంబరులో వస్తుంది. బతుకమ్మ, దసరా పండుగలు దాని వెనుకనే వస్తాయి. కావున మండపాలకు, ఇంటి ముంగిళ్ళకు చేసే అలంకరణ తరచుగా వానకు గురి అవుతుంది. సంవత్సరమంతా బయటనే ఉంచే పెట్టెలకు, పసుపు కొమ్ములను ఎండబెట్టి పాలిష్ పట్టే రోజులలో లేచే దుమ్ము నుండి కూడా రక్షణ అవసరం.

నీరు చేరే మార్గాలు

వాన నీరు మూత అంచుల నుండి, మరల రంధ్రాల నుండి నేరుగా ప్రవేశిస్తుంది. పైనుండి దిగే వైరు వెంట జారి కూడా లోనికి వస్తుంది. వైరు కొన తడిసినచో, సన్నని రాగి పోగుల నడుమ కేశనాళికా చర్య వలన నీరు ప్రాకుతుంది.

అంతగా గుర్తించబడని మార్గం మరొకటి ఉన్నది. ఎండలో పెట్టె వేడెక్కినపుడు లోని గాలి వ్యాకోచించి కొంత బయటకు పోతుంది. అకస్మాత్తుగా వాన కురిసి పెట్టె చల్లబడగానే లోపలి పీడనం తగ్గి, సన్నని సందుల గుండా నీటిని లోనికి లాగుకొంటుంది. గట్టిగా మూసిన పెట్టెలోని గాలి 50 నుండి 25 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబడితే పీడనం సుమారు 8 శాతం తగ్గుతుంది. ఇది దాదాపు 80 సెంటీమీటర్ల ఎత్తు గల నీటి ఒత్తిడికి సమానం. కావున సందులన్నీ జిగురుతో మూసివేయడమే పరిష్కారం కాదు.

పెట్టె ఎంపిక

రక్షణ స్థాయిని ఐ.ఇ.సి. 60529 ప్రమాణం ప్రకారం ఐపీ సంఖ్యతో సూచిస్తారు. మొదటి అంకె ధూళి నుండి, రెండవది నీటి నుండి రక్షణను తెలుపుతుంది. ఐపీ 65 పెట్టెలోనికి దుమ్ము చేరదు. అది నీటి ధారకు తట్టుకొంటుంది. ఐపీ 67 పెట్టె ఒక మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను చెడదు. అయితే పెట్టెకు కొత్త రంధ్రం చేసిన పిదప, దానిని తగిన విధంగా మూసిననే ఆ స్థాయి నిలుస్తుంది. వంటింటి ప్లాస్టిక్ డబ్బాలు ఎండకు పెళుసుబారుతాయి. పాలీప్రొపిలీన్ డబ్బాలకు సిలికోన్ సరిగా అంటుకొనదు.

అమర్చే విధానం

* వైర్లకు రంధ్రాలు పెట్టె అడుగుభాగాననే చేసి, రబ్బరు బిగింపు గల కేబుల్ గ్లాండ్లు అమర్చాలి.
* ప్రతి వైరును పెట్టె కంటె క్రిందికి వంచి, తిరిగి పైకి తెచ్చి లోనికి పంపాలి. నీరు ఆ వంపు వద్దనే క్రింద పడుతుంది.
* అన్నిటికంటె దిగువన చిన్న రంధ్రం ఒకటి విడువాలి. దీని గుండా గాలి ఆడుతుంది, చేరిన చెమ్మ కారిపోతుంది.
* పరికరాలను పెట్టె అడుగున ఆనించక, ఎత్తుగా బిగించాలి.
* వెనిగర్ వాసన గల సిలికోన్ ఆరేటపుడు ఆమ్లం వెలువడి రాగిని తినివేస్తుంది. న్యూట్రల్ రకం వాడాలి.
* అడాప్టరుకు పాలిథిన్ సంచి చుట్టరాదు. వేడి, చెమ్మ రెండూ లోపలనే నిలుస్తాయి.

పరీక్ష

పరికరాలు పెట్టకముందే లోపల పాత వార్తాపత్రిక పరచి, మూత బిగించి, కొంతసేపు ఎండలో ఉంచి, పిదప పైనుండి నీరు పోయాలి. కాగితం తడిసిన చోటును బట్టి లోపం తెలుస్తుంది.

విద్యుత్ భద్రత

230 వోల్టుల అడాప్టరును ఇంటిలోనే ఉంచి, 12 వోల్టుల వైరును మాత్రమే బయటకు తీసుకొని పోవడం అన్నిటికంటె సురక్షితం. దూరం పెరిగిన కొద్దీ వోల్టేజి పడిపోతుంది గనుక మందమైన వైరు వాడాలి. 230 వోల్టుల సరఫరా బయటకు తీయక తప్పనిచో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరి. ఎం.సి.బి. అధిక భారం నుండి, షార్ట్ సర్క్యూట్ నుండి వైర్లను కాపాడుతుంది గాని, మనిషికి తగిలే షాకును ఆపలేదు. పెట్టె తెరిచే ముందు సరఫరా నిలిపివేయాలి.

ఇవి కూడా చూడండి

* ఆర్మూర్
* వినాయక చవితి
* విద్యుద్ఘాతం
* కేశనాళికా చర్య