పటాన్‌చెరులో కుదిరిన లెక్కల ఒప్పందం

పటాన్‌చెరు అనగానే మందుల కంపెనీలు, పక్కనే రామచంద్రాపురంలో టర్బైన్లు తయారుచేసే బీహెచ్ఈఎల్ గుర్తొస్తాయి. పంటల కంప్యూటర్ మోడళ్లు తమలో తాము సమాచారం పంచుకునే పద్ధతికి ఇక్కడ పడిన పునాది సంగతి చాలామందికి తెలియదు. 1983 మార్చిలో ఇక్కడి అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఒక అంతర్జాతీయ సదస్సు జరిగింది. పంట పెరుగుదలను లెక్కగట్టే మోడల్‌కు కనీసం ఏయే వివరాలు కావాలన్నదే అక్కడి చర్చ.

అప్పట్లో మొక్కజొన్నకు, గోధుమకు సెరెస్, సోయాబీన్‌కు సోయ్‌గ్రో వంటి మోడళ్లు అమెరికాలో విడివిడిగా రూపుదిద్దుకుంటున్నాయి. ఒకదాని ఫైలు ఇంకొకదానికి పనికొచ్చేది కాదు. అందుకే శాస్త్రవేత్తలు ముందు ఉమ్మడి జాబితా కోసం పూనుకున్నారు: రోజువారీ వాన, గరిష్ఠ కనిష్ఠ ఉష్ణోగ్రతలు, సూర్యరశ్మి, పొరలవారీగా నేల గుణాలు, విత్తిన తేదీ, మొక్కల సాంద్రత, వేసిన ఎరువు. హవాయి విశ్వవిద్యాలయం నడిపిన ప్రాజెక్టు ఈ బాటలోనే సాగి, 1989లో ఈ పంట మోడళ్లను ఒకచోట చేర్చిన డీఎస్ఎస్ఏటీ సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది.

లెక్కలు ఇలా వివరాలు పంచుకోవడంలోని విలువ ఇక్రిశాట్ పొలాల్లోనే కనిపిస్తుంది. అక్కడ ఎర్రనేల ఉంది, నల్లరేగడీ ఉంది. ఒకే వాన పడ్డా రేగడి ఎక్కువ నీటిని దాచుకుంటుంది, ఎర్రనేల త్వరగా ఆరిపోతుంది. కాబట్టి నేలకొక లెక్క, మొక్కకొక లెక్క ఉండాలి. ఈ రోజు వేళ్లకు ఎంత నీరు అందుతుందో నేల లెక్క చెబుతుంది. అది చాలకపోతే మొక్క లెక్క ఆకుల పెరుగుదలను తగ్గిస్తుంది. ఆ ఆకుల విస్తీర్ణం మళ్లీ నేల లెక్కకు చేరి, రేపు ఎంత నీరు ఆవిరవుతుందో తేలుస్తుంది. కోత దాకా రోజూ ఇదే ఇచ్చిపుచ్చుకోవడం. నేల లెక్కను ఇలా విడిగా ఉంచితే కంది, శనగ, వేరుశనగ అన్నిటికీ అదొక్కటే సరిపోతుంది.

పంటల నుంచి యంత్రాలకు వస్తే, టర్బైన్ రెక్క విషయంలోనూ సూత్రం ఇదే. ఆవిరి ప్రవాహాన్ని ఒక ప్రోగ్రాం, లోహంలో ఒత్తిడిని మరో ప్రోగ్రాం లెక్కిస్తాయి. లెక్క కోసం రెక్కను చిన్న గళ్లుగా విడగొడతారు; మొదటిది గీసుకున్న గళ్లు, రెండోది గీసుకున్న గళ్లు ఒకేలా ఉండవు. ఒక వైపు నుంచి మరో వైపుకు విలువలు మార్చేటప్పుడు మొత్తం బలం, మొత్తం వేడి పెరగకూడదు, తరగకూడదు. నేల పొరలను ఒక మోడల్ నుంచి ఇంకో మోడల్‌కు మార్చినా అంతే, నీటి మొత్తం చెక్కుచెదరకూడదు. కార్ల పరిశ్రమ చొరవతో 2010లో యూరప్‌లో వచ్చిన ఎఫ్ఎంఐ ప్రమాణం వేర్వేరు కంపెనీల మోడళ్లను ఒకే పరీక్షలో నడిపించే వీలు కల్పించింది.

ఒప్పందం తప్పితే నష్టం చిన్నది కాదు. 1999లో నాసా అంగారకుడి వైపు పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌకను పోగొట్టుకుంది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చిన విలువను మరొకటి న్యూటన్-సెకన్లుగా తీసుకుంది.

నా దృష్టిలో మోడల్ రాయడం కన్నా ఇలాంటి ఒప్పందం కుదర్చడమే కష్టమైన విజ్ఞానం. పొలంలో కొలతలు తీసే విద్యార్థులైనా, పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల డిజైన్ విభాగాల్లో చేరే యువ ఇంజినీర్లైనా ప్రతి అంకె పక్కన యూనిట్, కొలిచిన తేదీ, కొలిచిన చోటు తప్పక రాయండి.