చిట్టెలుక తెగువ, మనిషి గుబులు
ఆందోళన మందులకు తొలి పరీక్ష నాలుగు దారుల కూడలిలో. అక్కడ నెగ్గితే సరిపోతుందా?

కూడిక గుర్తు ఆకారంలో నాలుగు సన్నటి దారులు, నేలకు దాదాపు అర మీటరు ఎత్తున. రెండింటికి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. చిట్టెలుకను మధ్యలో వదిలి, ఐదు నిమిషాల్లో గోడల్లేని దారుల్లో ఎంతసేపు గడిపిందో లెక్కిస్తారు. ఆందోళన తగ్గిస్తాయనుకునే రసాయనాల్లో చాలావాటికి తొలి పరీక్ష ఇదే.

ఎలుకకు ఆరుబయలంటే పుట్టుకతోనే భయం. కొత్త చోటంటే కుతూహలమూ ఉంటుంది. మందు భయాన్ని తగ్గిస్తే కుతూహలం గెలుస్తుంది. మత్తులో ముడుచుకున్నా, ఉత్తినే పరుగులు తీసినా లెక్క తప్పుతుంది కాబట్టి, గోడల దారుల్లోకి ఎన్నిసార్లు వెళ్లిందో కూడా చూస్తారు.

ఈ పద్ధతి సరైనదేనని 1985లో ఎలుకలపై, 1987లో చిట్టెలుకలపై నిర్ధారించారు. అందుకు ప్రధాన గీటురాయి డయాజెపామ్ వంటి బెంజోడయాజెపిన్ మందులే. చిక్కంతా ఇక్కడే. ఆ మందులతో సరిచూసుకున్న పరీక్ష మళ్లీ అలాంటివాటినే బాగా పట్టుకుంటుంది. అవి త్వరగా పనిచేస్తాయి కానీ అలవాటుపడే ముప్పుంది. ఇప్పుడు వైద్యులు ఎక్కువగా రాసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు మనుషుల్లో ఫలితం చూపడానికి వారాలు పడుతుంది. ఒక్క మోతాదిచ్చి కూడలిలో వదిలితే అవి తరచూ తప్పుతాయి.

ఒకే వంశపు చిట్టెలుకలను పెంచి ప్రయోగశాలలకు అందించడంలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు దశాబ్దాల అనుభవముంది. కానీ ఎలుక ఒకటే అయినా చోటు మారితే ఫలితం మారవచ్చు. పోర్ట్‌లాండ్, ఆల్బనీ, ఎడ్మంటన్ ప్రయోగశాలలు ఒకే రకం ఎలుకలు, పరికరాలు, వేళలు పాటించినా కొన్ని ఫలితాలు పొసగలేదని 1999లో తేలింది. పురుష పరిశోధకుల వాసనకే ఎలుకలు ఒత్తిడికి లోనవుతాయని 2014లో మరో అధ్యయనం చెప్పింది.

అశ్వగంధ సారం ఈ కూడలిలో లోరాజెపామ్‌తో పోల్చదగ్గ ఫలితమిచ్చిందని 2000లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. అది ఎలుకల్లో వచ్చిన ఫలితం. మనుషుల్లో పనిచేస్తుందో లేదో మనుషులపై పరీక్షలే తేల్చాలి.

ఖరగ్‌పూర్ ఐఐటిని ఆనుకుని ఉన్న ప్రేమ్ బజార్‌లో టీ తాగుతూ రేపటి పరీక్షను తలచుకునే విద్యార్థి గుబులు వేరు. అది ఇంకా జరగనిదాని గురించి. ఎలుక భయం కళ్లెదుటి ఖాళీ గురించి. అందువల్ల కూడలి పరీక్షను జల్లెడగా చూడాలి, తీర్పుగా కాదు. 'ప్రయోగాల్లో రుజువైంది' అని డబ్బాపై కనిపిస్తే ఎవరిపై, ఎన్ని చోట్ల అని అడగాలి. వైద్యుడు రాసిన మాత్రను మాత్రం సొంతంగా ఆపేయకూడదు.