పరాయి కొండల్లో రాలిన నలుగురు: పేర్లు నిలిపిన బడి పిల్లలు

యుద్ధమంటే శత్రువు తూటాకే ప్రాణాలు పోతాయనుకుంటాం. విద్య నేర్చుకుంటూనే నేలరాలిన వారూ ఉన్నారు. అటువంటి నలుగురి స్మారక శిల అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, మోయర్స్ గ్రామం దగ్గర ఉంది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆకాశం నిండా శత్రు విమానాల భయమే. మబ్బుల బెడద వేరే. అక్కడ కొత్తవారికి విమానం నడపడం నేర్పటం కష్టమైంది. దానితో 1941లో అమెరికాలో శిక్షణ పాఠశాలలు తెరిచారు. టెక్సాస్‌లోని టెరెల్ పట్టణంలోనిది వాటిలో ఒకటి. రెండువేల మందికి పైగా బ్రిటిష్ యువకులు అక్కడ చేరారు.

1943 ఫిబ్రవరి 20న టెరెల్ నుంచి ఏటీ-6 శిక్షణ విమానాలు ఓక్లహోమాలోని మయామీ పట్టణానికి బయలుదేరాయి. దారి తప్పకుండా దూరప్రయాణం చేయటమే ఆనాటి పాఠం. మధ్యలో కొండలను దట్టమైన మబ్బు కమ్మేసింది. రెండు విమానాలు కొండలను ఢీకొన్నాయి. వాటిలోని నలుగురూ మరణించారు. కాక్‌మన్, ఫ్రాస్టిక్, హోసియర్, జెన్సెన్ అన్నవి వారి పేర్లు. సొంత ఊరి మట్టికి వారు నోచుకోలేదు. టెరెల్ శ్మశానంలోనే సమాధి చేశారు. శిక్షణ కాలంలో చనిపోయిన మరికొందరు బ్రిటిష్ యువకులూ అక్కడే ఉన్నారు.

ఏళ్లు గడిచాయి. మోయర్స్ ఉన్న జిల్లాలోనిదే రాటన్ గ్రామం. ఆ ఊరి బడి పిల్లలు ఈ పాత సంగతి వెలికితీసి, స్మారక శిల కోసం పాటుపడ్డారు. ప్రమాదం జరిగిన సరిగ్గా 57 ఏళ్లకు, 2000 ఫిబ్రవరి 20న, దానిని ఆవిష్కరించారు.

చనిపోయినవారు ఆ పిల్లలకు చుట్టాలు కారు, ఊరివారూ కారు. అయినా వారి పేర్లు చెరిగిపోనివ్వలేదు. మన ఊళ్ల నుంచి సైన్యానికి వెళ్లి తిరిగిరాని వారి పేర్లు మన పిల్లల్లో ఎందరికి తెలుసు?